రోమ్ పొలిమేరల్లో మబ్బులు: వలాంసియెన్ చిన్న బొమ్మ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ మాట్లాడుతున్నది ఏ బొమ్మ గురించి?

పియెర్-ఆన్రి ద వలాంసియెన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1782–85 మధ్య రోమ్ చుట్టుపక్కల కాగితం మీద వేసిన ఒక ఆయిల్ పెయింటింగ్ గురించి. ఇంగ్లీషు కేటలాగుల్లో దీని పేరు ‘స్టడీ ఆఫ్ క్లౌడ్స్ ఓవర్ ద రోమన్ కంపాన్యా’. స్టడీ అంటే సాధన కోసం వేసుకునే బొమ్మ. ఎత్తు 19 సెంటీమీటర్లు, వెడల్పు 32. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెడితే ఇంచుమించు అంతే. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది.

ఆ కాలపు ఫ్రెంచివాళ్లు వేసిన ఇటలీ దృశ్యాలు అనగానే విరిగిన స్తంభాలు, జలపాతం, మేకల మంద, నీళ్ల కుండతో నిలబడ్డ పల్లెపడుచు గుర్తొస్తాయి. వాటి కోసం వచ్చినవాళ్లకి ఇందులో ఏమీ దొరకదు. ‘ఇంతకీ ఇందులో ఏముంది?’ అని చాలామంది అడిగేది అందుకే. కింది ప్రశ్నల్లో సగం ఆ ఒక్క ప్రశ్నలోంచి పుట్టినవే.

అయితే చెప్పండి, ఇందులో ఏముంది?

మబ్బులు. అడుగున సన్నటి పట్టీలా నేల, ఆపైన బొమ్మంతా ఆకాశమే. ఎండ తగిలిన చోట మబ్బు తెల్లగా ఉబ్బి కనిపిస్తుంది, పొట్ట కింద బూడిదరంగు, సందుల్లో నీలం. అంచుల దగ్గర పెన్సిల్ గీసినట్టు గీతలుండవు. ఒక రంగు ఆరకముందే పక్క రంగు వచ్చి దాంట్లో కలిసిపోయింది.

ఫోన్‌లో చూస్తున్నట్టయితే ఒక పని చేయండి. అడుగున ఉన్న నేల పట్టీని బొటనవేలితో మూసి చూడండి. ఆకాశం ఎంత పెద్దదో అంతుపట్టదు. మబ్బు దగ్గరగా ఉందో, పాతిక మైళ్ల అవతల ఉందో తెలీదు. వేలు తీయగానే దూరం తిరిగొస్తుంది. ఆ కాస్త నేల లేకపోతే బొమ్మ నిలబడదని ఆయనకి బాగా తెలుసు. అందుకే అంతే ఉంచాడు.

మనుషులు ఎందుకు లేరు?

మనుషులుంటే కథ వస్తుంది. కథలు స్టూడియోలో, పెద్ద కాన్వాస్ మీద చెప్పుకునేవి. ఆరుబయట ఆయనకి అంత టైమ్ లేదు.

ఎవరీ వలాంసియెన్?

1750లో దక్షిణ ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పుట్టాడు. 1819లో పారిస్‌లో పోయాడు. తులూజ్‌లో కొంత నేర్చుకుని పారిస్ వచ్చి, గాబ్రియేల్-ఫ్రాన్స్వా దొయాఁ అనే చారిత్రక చిత్రకారుడి దగ్గర చేరాడు. 1777లో ఇటలీ వెళ్లాడు. 1781లో పారిస్ వచ్చి, మరుసటి ఏడాదే మళ్లీ రోమ్ దారి పట్టాడు. ఈ రెండో విడత ముఖ్యం. మన మబ్బులు ఆ విడతలోవే.

1787లో ఫ్రెంచి రాయల్ అకాడమీ సభ్యుడయ్యాడు. 1800లో చిత్రకారుల కోసం పర్‌స్పెక్టివ్ మీద, అంటే చదునైన కాగితం మీద దూరం కనిపించేలా గీసే విద్య మీద, ఒక లావుపాటి పుస్తకం అచ్చువేశాడు. 1812లో పారిస్‌లోని కళల బడి ఎకోల్ దె బోజార్‌లో అదే సబ్జెక్టుకి ప్రొఫెసర్ అయ్యాడు. మొత్తమ్మీద మంచి మాస్టారు. ప్రభుత్వాలు మారుతున్నా, విప్లవం వచ్చినా, నెపోలియన్ వచ్చినా పాఠం చెప్పుకుంటూ పోయిన మనిషి.

కాగితం మీద ఆయిల్ రంగా? నూనె పీల్చేసి పాడైపోదా?

ఉత్త కాగితమైతే పాడైపోతుంది. నూనె పీల్చుకుని కొన్నాళ్లకి పెళుసెక్కుతుంది. అందుకే ముందు దళసరి కాగితానికి జిగురు గానీ, పలచటి రంగు పూత గానీ పట్టించి ఆరబెట్టేవాళ్లు. పూత పడ్డాక రంగు పైనే నిలుస్తుంది, కుంచె జారుతుంది. పని అయిపోయిన ఎన్నాళ్లకో ఆ కాగితాన్ని అట్టకో కాన్వాస్‌కో అంటించేవాళ్లు. ఈ బొమ్మ కూడా అలా అట్ట మీదికి చేరిందే.

కాగితమే ఎందుకు అంటే, మోయాల్సింది తనే కాబట్టి. చెక్క చట్రానికి బిగించిన కాన్వాస్‌ని గాడిద మీద వేసుకుని కొండెక్కడం వేరు, చంకలో చిన్న రంగుల పెట్టె పెట్టుకుని నడిచిపోవడం వేరు. పెట్టె మూతకి లోపలివైపు కాగితం గుచ్చి, ఒడిలో పెట్టుకుని వేసుకోవచ్చు. ఇంటికొచ్చేటప్పుడు తడి రంగు మూత లోపల భద్రంగా ఉంటుంది.

ఇంకో చికాకు కూడా ఉండేది. రంగులు ట్యూబుల్లో అమ్మడం 1841 తర్వాతి మాట. అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ ర్యాండ్ తగరపు ట్యూబుకి పేటెంట్ తీసుకుంది అప్పుడే. వలాంసియెన్ నాటికి నూరిన రంగుని పంది మూత్రాశయపు సంచుల్లో మూటకట్టి పెట్టుకునేవాళ్లు. సంచికి సూదితో చిన్న బెజ్జం చేసి, కావాల్సినంత పిండుకుని, ఆ బెజ్జాన్ని మళ్లీ మూసేయాలి. దారిలో ఒక సంచి పగిలిందంటే ఆ రోజుకి అంతే సంగతులు.

ఎంతసేపట్లో వేసి ఉంటాడు?

రెండు గంటలు దాటి ఉండదు. ఇది ఊహించి చెబుతున్నది కాదు, ఆయన పుస్తకంలో శిష్యులకి పెట్టిన రూలే అది. ప్రకృతిని చూస్తూ వేసే స్టడీ ఏదైనా రెండు గంటల్లోపు ముగించాలన్నాడు. సూర్యోదయం, సూర్యాస్తమయం అయితే అరగంట. ఆ గడువు దాటితే లేవమన్నాడు.

ఎందుకంటే రెండు గంటల్లో సూర్యుడు 30 డిగ్రీలు జరుగుతాడు. మీరు పొద్దున పదింటికి ఒక గోడ నీడ వేసి, పన్నెండింటికి దాని పక్క చెట్టు నీడ వేశారనుకోండి, ఒకే బొమ్మలో రెండు వేర్వేరు పూటల వెలుగు పడుతుంది. చూసేవాడికి తప్పెక్కడో చెప్పడం రాకపోవచ్చు. కానీ ఏదో తేడాగా ఉందని కన్ను పట్టేస్తుంది. మబ్బుల విషయంలో రెండు గంటలు కూడా ఎక్కువే. గాలి వాటంగా ఉంటే ఇరవై నిమిషాల్లో వరస మొత్తం మారిపోతుంది. అందుకని ఇలాంటి బొమ్మలో చూసి వేసింది ఎంతో, కళ్లు మూసి గుర్తు తెచ్చుకుని వేసింది కూడా కొంత ఉంటుంది. ఆయన దీన్ని దాచలేదు. చూసినదాన్ని తర్వాత జ్ఞాపకం మీద వేయడం కూడా విడిగా సాధన చేయమని రాశాడు.

మరో సలహా కూడా ఇచ్చాడు: ఒకే చోటుని పగటిపూట వేర్వేరు వేళల్లో వేయండి. తను చేసి చూపించాడు కూడా. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ‘రోమ్‌లో ఒక లోజియా’ అని రెండు చిన్న కాగితాలున్నాయి. లోజియా అంటే మేడ మీద పైకప్పు వేసిన వసారా లాంటిది. రెండింట్లోనూ అదే కప్పు. ఒకదాంట్లో ఎండలో ఉంది, ఇంకోదాంట్లో నీడలో. గుడి గోపురం లేదు, శిథిలం లేదు, ఎవరో రోమన్ గృహస్థు ఇంటి కప్పు. నన్నడిగితే ఆయన వేసినవాటిలో అన్నిటికంటే తెగువ చూపించిన పని ఆ జంట.

ఆకాశమే ఎందుకు? ఇటలీ దాకా వెళ్లి మబ్బులు వేయాలా?

బొమ్మని ఆకాశంతో మొదలుపెట్టాలని ఆయన నియమం. ఆకాశం రంగు కుదిరాక, దాన్నిబట్టి దూరపు కొండల రంగు. దాన్నిబట్టి మధ్యలో ఉన్న చెట్లు. చివరికి మన కాళ్ల దగ్గరి మట్టి. వెలుగు పైనుంచే వస్తుంది కాబట్టి లెక్క కూడా పైనుంచే మొదలవ్వాలి. మనలో చాలామంది బడిలో దీనికి తిరగేసి నేర్చుకున్నాం: ముందు ఇల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు, రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, మిగిలిన తెల్లకాగితమంతా నీలం. అలా వేస్తే ఆకాశం ఇంటి వెనక కట్టిన పరదాలా ఉంటుంది.

ఆ నియమం గుర్తుపెట్టుకుని ఈ మబ్బుల బొమ్మ చూస్తే, మొదటి మెట్టు దగ్గరే ఆపేసిన పనిలా కనిపిస్తుంది. మెట్టు ఒక్కటే, కానీ పూర్తిగా ఎక్కాడు.

ఇది పారిస్‌లోనే చేసుకోవచ్చు కదా. ఫ్రెంచివాళ్లంతా ఇటలీకే ఎందుకు వెళ్లేవాళ్లు?

ఆ రోజుల్లో ఇటలీ చూడని చిత్రకారుడికి చదువు పూర్తయినట్టు లెక్క కాదు. పద్నాలుగో లూయీ హయాంలో, 1666లో, ఫ్రాన్స్ రోమ్‌లో ఏకంగా ఒక అకాడమీ పెట్టేసింది. పోటీలో గెలిచిన కుర్రాళ్లని సర్కారు ఖర్చుతో అక్కడికి పంపేవాళ్లు. గెలవనివాళ్లు ఎవరో ఒక ధనవంతుడి అండతోనో, అప్పోసప్పో చేసో వెళ్లేవాళ్లు.

దృశ్యచిత్రకారులకైతే ఇంకో కారణం ఉంది. వాళ్లకి దేవుళ్లలాంటి ఇద్దరూ, నికొలా పుసాఁ, క్లోద్ లొరాఁ, ఫ్రెంచివాళ్లే అయినా బతుకంతా రోమ్‌లోనే గడిపారు. పదిహేడో శతాబ్దంలో వాళ్లు వేసిన బంగారు ఎండ, పొగమంచు దూరాలు, చెట్ల గుంపులు అన్నీ రోమ్ పరిసరాలవే. గురువులు నడిచిన దారిలో నడవాలని తర్వాతి తరం వాళ్ల కోరిక. యూబెర్ రొబేర్ 1754లో వెళ్లి పదకొండేళ్లు ఉండిపోయాడు. శిథిలాలు వేసి వేసి ‘శిథిలాల రొబేర్’ అని పేరు పడింది. ఫ్రాగొనార్ 1760 వేసవి తివోలీలోని విల్లా దెస్తే తోటల్లో సైప్రస్ చెట్లు గీస్తూ గడిపాడు.

కంపాన్యా అంటే ఏ ఊరు?

ఊరు కాదు. రోమ్ నగరం గోడలు దాటగానే చుట్టూ పరుచుకున్న మైదానం. అటు ఆల్బన్ కొండల దాకా, ఇటు సముద్రం దాకా. మధ్యలో ప్రాచీన రోమన్లు కట్టిన నీటి కాలువల కమానులు మైళ్లకొద్దీ వరసగా నిలబడి ఉంటాయి. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ జనం పల్చన. పెద్ద పెద్ద భూస్వాముల కమతాలు, చలికాలంలో అబ్రుజ్జో కొండల నుంచి గొర్రెలు తోలుకుని దిగే కాపర్లు, అక్కడక్కడా ఒక బురుజు. అడ్డుగా ఏమీ లేని నేల కావడంతో ఆకాశం మొత్తంగా కనిపిస్తుంది. మబ్బులు వేసేవాడికి అంతకన్నా ఏం కావాలి.

అంత మంచి నేల ఎందుకు ఖాళీగా పడి ఉంది? చలిజ్వరం. వేసవి వస్తే ఉండగలిగినవాళ్లంతా కొండ మీది ఊళ్లకి పోయేవాళ్లు. చెడుగాలి పీల్చడం వల్ల జ్వరం వస్తుందని అందరి నమ్మకం. అసలు దోషి దోమ అని తేలే కథలో మన ఊరికి వాటా ఉంది: 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. మరుసటి ఏడాది ఇటలీలో జోవాన్నీ బాతిస్తా గ్రాస్సీ బృందం, మనుషులకి ఆ జ్వరం అనాఫిలిస్ దోమ వల్లే అంటుకుంటుందని నిరూపించింది. వలాంసియెన్ పెట్టె పట్టుకుని తిరిగిన రోజులకి అదంతా ఇంకా నూరేళ్లకి పైన ఉంది. ఆ మైదానంలో కూర్చుని బొమ్మలు వేయడం అంటే ఎంతోకొంత ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

వెర్నే పేరు కూడా ఎప్పుడూ వినిపిస్తుంది. ఆయనకి దీంతో ఏం సంబంధం?

1781లో పారిస్ వచ్చినప్పుడు వలాంసియెన్ కలిసిన పెద్దాయన క్లోద్-జోసెఫ్ వెర్నే. అవిన్యోఁలో పుట్టి, 1734లో రోమ్ చేరి, దాదాపు ఇరవయ్యేళ్లు అక్కడే ఉండి, సముద్రాలూ తుఫానులూ వేయడంలో యూరప్ అంతటా పేరు తెచ్చుకున్నాడు. పదిహేనో లూయీ ఆయన్ని వెనక్కి పిలిపించి ఫ్రాన్స్ రేవుపట్టణాలన్నీ వేయమన్నాడు. పదిహేను పెద్ద కాన్వాసులు వేశాడు. తుఫానుని దగ్గరగా చూడ్డానికి ఓడ స్తంభానికి తనని కట్టేయించుకున్నాడని ఒక కథ ఉంది. మనవడు ఒరాస్ వెర్నే 1822లో ఆ ఘట్టాన్ని బొమ్మగా కూడా వేశాడు. తాతల గురించి మనవలు చెప్పే కథలు ఎంతవరకు నమ్మాలో మీకు తెలుసు.

కుర్ర వలాంసియెన్‌కి ఆయన నేర్పినవి ముఖ్యంగా రెండు: పర్‌స్పెక్టివ్, ఆకాశం. ఆ పాఠం విన్న వెంటనే మళ్లీ ఇటలీ వెళ్లిన రోజుల్లోదే ఈ మబ్బుల కాగితం. పాఠానికీ ఫలితానికీ ఇంత దగ్గర లంకె దొరకడం కళాచరిత్రలో అరుదు.

దీన్ని ఆయన ఎక్కడైనా ప్రదర్శించాడా?

లేదు. ఇలాంటివి స్టూడియోలో ఉండేవి. శిష్యులు చూసేవాళ్లు, కాపీ చేసుకునేవాళ్లు. పాట కచేరీ చేసే విద్వాంసుడు తెల్లవారుజామున చేసుకునే సాధకం టిక్కెట్టు పెట్టి వినిపించడు కదా, అలాగన్నమాట.

జనానికి చూపించినవి వేరు. 1787లో అకాడమీలో చేరడానికి ఆయన సమర్పించిన బొమ్మ ‘ఆర్కిమిడిస్ సమాధిని కనుగొన్న సిసిరో’. ఇప్పుడు సొంతూరు తులూజ్‌లోనే, ఒగుస్తాఁ మ్యూజియంలో ఉంది. కథ బాగుంటుంది. క్రీ.పూ. 75లో రోమన్ వక్త సిసిరో సిసిలీలో కొలువు చేస్తున్నాడు. ఆర్కిమిడిస్ చనిపోయి అప్పటికి 137 ఏళ్లు. సిరక్యూస్ జనానికి ఆయన సమాధి ఎక్కడుందో కూడా తెలీదు, అసలలాంటిదే లేదు పొమ్మన్నారు. సిసిరో వెతగ్గా వెతగ్గా ముళ్లపొదల పైన ఒక చిన్న స్తంభం తల, దాని మీద గోళం, స్థూపం (సిలిండర్) బొమ్మలు కనిపించాయి. ఆ రెంటి ఘనపరిమాణాల నిష్పత్తి కనిపెట్టింది ఆర్కిమిడిసే. కొడవళ్లిచ్చి మనుషుల్ని పంపి పొదలు కొట్టించాడు. తన ఊరివాళ్లే మరిచిపోయిన మహానుభావుణ్ని పరాయి ఊరివాడొచ్చి వెతికిపెట్టడం అనే విషయం అకాడమీ పెద్దలకి నచ్చకుండా ఎలా ఉంటుంది!

అదే ఏడాది వేసిన ‘ప్రాచీన అగ్రిజెంతో నగరం’ లూవ్ర్‌లో ఉంది. గెల్లియాస్ అనే సంపన్నుడి మనుషులు ఊరి గుమ్మం దగ్గర నిలబడి దారిన పోయే పరదేశుల్ని ఆతిథ్యానికి పిలుస్తుంటారు. ఈ బొమ్మకి ఉపశీర్షికగా ‘కూర్చిన దృశ్యం’ అని పెట్టాడు. ఉన్నదున్నట్టు వేసింది కాదు, అక్కడో కొండ, ఇక్కడో చెట్టు ఏరుకొచ్చి కూర్చానని తనే చెబుతున్నాడు.

అంటే చిన్నవి నిజం, పెద్దవి అబద్ధం అన్నమాట?

ఈ మాట చాలా చోట్ల వింటాం. మబ్బుల కాగితం నచ్చినవాళ్లు పెద్ద బొమ్మలు చూసి పెదవి విరుస్తారు, ‘అంతా నాటకం’ అని. నాకది సరైన తీర్పు అనిపించదు. ఆయన దృష్టిలో ఉన్నదున్నట్టు వేసే దృశ్యం కింది మెట్టు. ప్రకృతి ఎలా ఉందో తెలుసుకున్నాక, ఎలా ఉండగలదో ఊహించి వేయడం పై మెట్టు. హోమర్, వర్జిల్ చదివిన బుర్రతో చూడమంటాడు. మనకిప్పుడు ఆ రుచి పోయింది, అంతే.

ఒకసారి అగ్రిజెంతో బొమ్మలో మనుషుల్నీ గుళ్లనీ వదిలేసి పైన ఆకాశం వైపు మాత్రమే చూడండి. కాగితాల మీద ఏళ్ల తరబడి పట్టుకున్న వెలుగు అక్కడ పనిలోకి దిగడం కనిపిస్తుంది. ఒకటి లేకపోతే రెండోది లేదు. అయినా ఒకటే ఇంటికి తీసుకెళ్లమంటే మబ్బులే తీసుకెళ్తాననుకోండి, అది వేరే సంగతి.

ఇది ఇంప్రెషనిజం కంటే ముందే వచ్చిన ఇంప్రెషనిజమా?

కాదు. మొదటి ఇంప్రెషనిస్టు ప్రదర్శన 1874లో జరిగింది. వాళ్లు ఆరుబయట వేసినదాన్ని ఫ్రేము కట్టి ఇదే నా బొమ్మ అన్నారు. వలాంసియెన్ ఎప్పుడూ అలా అనలేదు, అనాలని తోచి కూడా ఉండదు. మొనే గడ్డివాములు, రువాఁ కెథెడ్రల్ వేర్వేరు వేళల్లో వేసినప్పుడు లూవ్ర్ లోజియా జంటని చూసి వేయలేదు. ఆ జంట అప్పటికి లూవ్ర్‌లోనే లేదు.

కానీ గొలుసు ఒకటుంది. వలాంసియెన్ శిష్యులు అషీల్-ఎత్నా మిషల్లోఁ, జాఁ-విక్తొర్ బెర్తాఁ. ఈ ఇద్దరి దగ్గరా నేర్చుకున్నవాడు దృశ్యచిత్రకారుడు కొరో. కొరో సలహాలు విన్న కుర్రాళ్లలో, తర్వాత ఇంప్రెషనిస్టు అయిన పిసారో ఒకడు. మాస్టారు పోరగా పోరగా చారిత్రక దృశ్యచిత్రానికి విడిగా ‘ప్రీ ద రోమ్’ (సర్కారు ఖర్చుతో రోమ్ పంపే ఆ పోటీ) బహుమతి మంజూరైంది. 1817లో మొదటిసారి ఇచ్చినప్పుడు గెలిచింది మిషల్లోఁ. పాపం ఐదేళ్లకే, పాతికేళ్ల వయసులో పోయాడు. 1825లో రోమ్ వెళ్లిన కొరో ఈ కాగితం-ఆయిల్ పద్ధతినే చేతపట్టుకుని వెళ్లాడు.

శిష్యుల్లో ఆడవాళ్లూ ఉన్నారు. లూయీజ్-జోసెఫీన్ సారజాఁ ద బెల్మాఁ గురువు దగ్గర నేర్చుకున్న విద్యతో తనూ ఇటలీ వెళ్లి ఆరుబయట కూర్చుని బొమ్మలు వేసింది. ఈ గొలుసు చెప్పేటప్పుడు ఆమె పేరు జారిపోతుంటుంది, అందుకే ఇక్కడ పనిగట్టుకుని రాస్తున్నా.

ఫోటోలా అనిపిస్తుంది. అప్పటికి కెమెరా ఉందా?

ఫోటోగ్రఫీని లోకానికి ప్రకటించింది 1839లో. బొమ్మ అంతకు యాభై ఏళ్లకి పైగా ముందుది. కానీ మీకు అనిపించింది తప్పేం కాదు. ఏదో ఒక మూల కోసి తీసుకున్నట్టుండే ఈ కూర్పు గురించి 1981లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఒక ప్రదర్శనే పెట్టింది. కెమెరా వచ్చి చిత్రకారుల చూపు మార్చలేదు, ఆ చూపు చిత్రకళలో ముందే తయారై ఉంది అని పీటర్ గలాస్సీ అందులో వాదించాడు. ఆయన చూపించినవాటిలో వలాంసియెన్ కూడా ఉన్నాడు.

ఆ మబ్బులు వాతావరణ శాస్త్రం ప్రకారం సరిగ్గా ఉన్నాయా?

అప్పటికి మబ్బులకి శాస్త్రం పెట్టిన పేర్లే లేవు. క్యుములస్, స్ట్రేటస్, సిరస్ అని ల్యూక్ హోవర్డ్ లండన్‌లో ప్రతిపాదించింది 1802లో. జాన్ కాన్‌స్టబుల్ హాంప్‌స్టెడ్‌లో వరసగా మబ్బులు వేసింది 1821–22లో. వలాంసియెన్ వీళ్లిద్దరికంటే ముందు. పేరు తెలీని వస్తువుని చూసి వేయడంలో ఒక లాభం ఉంది: మబ్బంటే ఇలా ఉంటుంది అని ముందే అనుకుని గుండ్రాలు చుట్టే ప్రమాదం తగ్గుతుంది.

ఈయనొక్కడేనా ఇలా వేసింది?

అస్సలు కాదు. 1630 ప్రాంతంలోనే స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెస్ రోమ్‌లోని విల్లా మెదీచీ తోటని రెండు చిన్న కాన్వాసుల మీద వేశాడు. ఫ్రాన్స్‌లో కుక్కల్నీ వేటనీ వేసే దెపోర్త్ పల్లెపట్టుల్లో కాగితం మీద ఆయిల్‌తో దృశ్యాలు వేశాడు. వలాంసియెన్ ఇటలీలో ఉన్న రోజుల్లోనే వేల్స్ నుంచి వచ్చిన థామస్ జోన్స్ నేపుల్స్‌లో ఇంటి ఎదురుగా ఉన్న గోడని వేశాడు. 1782 నాటి ఆ ‘నేపుల్స్‌లో ఒక గోడ’ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, పోస్టుకార్డు కంటే కాస్త పెద్దది. వలాంసియెన్ ప్రత్యేకత అంతా, దీన్ని ఒక పద్ధతిగా కూర్చి, గడువు పెట్టి, పుస్తకంలో రాసి, పిల్లలకి నేర్పడంలో ఉంది.

మరి ఇంతకాలం ఈ చిన్న బొమ్మలు ఎక్కడున్నాయి?

చాలావరకు ఇళ్లలో, బీరువాల్లో. 1930లో ప్రిన్సెస్ లూయీ ద క్రొయి లూవ్ర్‌కి ఇచ్చిన బహుమానంలో ఈయన ఇటలీ స్టడీలు వందకు పైగా ఒక్కసారి బయటపడ్డాయి. అప్పటిదాకా వలాంసియెన్ అంటే సిసిరో, అగ్రిజెంతో. ఆ తర్వాతే మబ్బులు, కప్పులు, నేమి సరస్సు. 1996లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ పెట్టిన ‘ఇన్ ద లైట్ ఆఫ్ ఇటలీ’, 2020లో మొదలైన ‘ట్రూ టు నేచర్’ ప్రదర్శనలతో మామూలు ప్రేక్షకులకి కూడా తెలిసొచ్చాయి. రెండోదాన్ని కోవిడ్ మధ్యలోనే మూయించింది. తర్వాత పారిస్, కేంబ్రిడ్జ్ వెళ్లింది.

చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

వర్జీనియా, మేరీలాండ్‌లలో ఉన్న మనవాళ్లకి ఇది పక్కిల్లే. నేషనల్ గ్యాలరీకి టిక్కెట్టు లేదు. కాకపోతే ఇలాంటి చిన్న బొమ్మలు ఎప్పుడూ గోడ మీదే ఉంటాయన్న గ్యారంటీ లేదు. బయల్దేరేముందు వాళ్ల వెబ్‌సైట్‌లో ప్రదర్శనలో ఉందో లేదో చూసుకోండి. అదే ఊళ్లో ఫిలిప్స్ కలెక్షన్‌లో కొరో 1826లో ఫర్నీజ్ తోటల నుంచి వేసిన రోమ్ దృశ్యం ఉంది. రెండూ ఒకే రోజు చూస్తే పైన చెప్పిన గొలుసు కళ్లముందు కనిపిస్తుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చూడాలంటే, నేషనల్ గ్యాలరీ తన సేకరణలోని పాత బొమ్మల హై-రిజల్యూషన్ ఫోటోలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తుంది. లూవ్ర్ కేటలాగ్ కూడా ఆన్‌లైన్‌లో ఉంది. రోమ్ వెళ్లేవాళ్లు కొలోసియం దగ్గరే రోజంతా గడపకుండా, ఊరి దక్షిణాన ఉన్న అక్విడక్ట్ పార్కుకి ఒక సాయంత్రం వెళ్లండి. కంపాన్యా అనే మాటకి మిగిలిన అర్థం అక్కడ కొంచెం కనిపిస్తుంది.

నేనూ ఇలా వేసి చూడొచ్చా? ఆయిల్ రంగులు వాడటం రాదు.

ఆయిల్ అక్కర్లేదు, గువాష్ (నీళ్లతో కలుపుకునే చిక్కటి రంగు) చాలు. దళసరి కాగితం, చెయ్యంత సైజు, రంగులు నాలుగైదు: తెలుపు, ఒక నీలం, పచ్చకావి, ఎర్రకావి, నలుపు. మన దగ్గర జూన్‌లో మబ్బు పట్టే సాయంత్రాలు దీనికి బాగుంటాయి. మేడెక్కి ఫోన్‌లో అరగంట టైమర్ పెట్టుకోండి. ముందు మొత్తం ఆకాశం, చివర్లో అడుగున నేల. టైమర్ మోగాక ఒక్క చుక్క కూడా పెట్టొద్దు. ఫోటో తీసుకుని తర్వాత సరిదిద్దుకుందాం అనిపిస్తుంది, ఆ టెంప్టేషన్‌కి లొంగితే చేసిన పని దండగ. మొదటి నాలుగైదు బురదలా వస్తాయి. సాధారణంగా తెలుపులో నలుపు ఎక్కువ కలపడం వల్ల వచ్చే తంటా అది. మబ్బు కింది నీడకి నలుపు కన్నా నీలం, ఎర్రకావి కలిపిన బూడిదరంగు నయం.

ప్రింట్ తీయించి గోడకి పెట్టుకోవాలంటే ఏ సైజు మంచిది?

అసలు సైజే, 19 బై 32. మూడడుగులకి పెంచితే కుంచె జాడలు చీపురు గీతల్లా కనిపిస్తాయి, మబ్బు కాస్తా మచ్చలైపోతుంది. గ్లాసీ పేపర్ వద్దు, మ్యాట్ అడగండి. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా మాత్రం తగిలించకండి.